జోడు గుర్రాల స్వారీ: ఒకేసారి రెండు పట్టాల చరిత్ర

చదువంటే మన తెలుగువారికి ఉన్న మోజు గురించి వేరే చెప్పనక్కరలేదు. పెళ్ళి శుభలేఖలో వరుడి పేరు పక్కన "బి.టెక్., (ఎం.బి.ఏ.)" అని అచ్చువేయించడం మన ఇళ్ళలో మామూలే. బ్రాకెట్లో ఉన్న చదువు ఇంకా పూర్తి కాలేదన్న సంగతి చదివే ప్రతివారికీ తెలుసు. అయినా అది అక్కడ ఉండవలసిందే! ఇప్పుడు మన పిల్లలు, తమ్ముళ్ళు ఇంకో మెట్టు ఎక్కి, ఆ బ్రాకెట్లో ఒకటి కాదు, రెండు పెట్టవచ్చునా అని అడుగుతున్నారు. అందులోనూ ఎక్కువగా వినిపించేది ఎం.బి.ఏ. పేరే. ఇండియా యూనివర్శిటీ నుంచి ఒకటి, ఇంగ్లండు యూనివర్శిటీ నుంచి ఇంకొకటి, లేదా ఫైనాన్సులో ఒకటి, మార్కెటింగులో ఒకటి, రెండూ ఒకేసారి.

ఈ ప్రశ్న వినగానే పెద్దవారు "రెండు పడవల మీద కాళ్ళు పెట్టకు నాయనా" అంటారు. కుర్రవాళ్ళు "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి కదా" అంటారు. రెండూ మన సామెతలే, రెండింటిలోనూ నిజం ఉంది. అయితే ఈ వాదనకు ఒక చరిత్ర ఉన్నదనీ, ఆ చరిత్రను మలుపు తిప్పినవారిలో ఇద్దరు తెలుగువారు ఉన్నారనీ మనలో చాలామందికి తెలియదు. ఈ ఉగాది సంచికలో ఆ కథను కాస్త ముచ్చటించుకుందాం.

బిజినెస్ చదువు పుట్టిన వైనం

వ్యాపారానికి యూనివర్శిటీ పట్టా ఎందుకని ప్రపంచం చాలాకాలం అనుకున్నది. మన దగ్గర కోమటి కొట్టులో పద్దులు రాయడం తండ్రి పక్కన కూర్చుని నేర్చుకునే విద్య. అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్శిటీలో 1881లో వార్టన్ స్కూలు ఏర్పడింది. 1900లో డార్ట్‌మౌత్ కళాశాలలో టక్ స్కూలు వచ్చి, డిగ్రీ పూర్తయినవారికి వ్యాపార విద్యలో మాస్టర్స్ పట్టా ఇవ్వడం మొదలుపెట్టింది. ఎం.బి.ఏ. అన్న పేరును లోకప్రసిద్ధం చేసినది 1908లో ప్రారంభమైన హార్వర్డ్ బిజినెస్ స్కూలు.

మన దేశంలో కలకత్తాలో 1953లో ఒక మేనేజిమెంటు విద్యాసంస్థ వెలసింది. తెలుగునాట ఆట్టే ఆలస్యం జరగలేదు. 1956లో హైదరాబాదులో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి ఏర్పడింది. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం 1957లోనే ఎం.బి.ఏ. ప్రారంభించింది. కలకత్తా, అహమ్మదాబాదు ఐ.ఐ.ఎం.లు స్థాపించినది 1961లో. అంటే ఆ రెండు ప్రఖ్యాత సంస్థలు పుట్టడానికి నాలుగేళ్ళ ముందే విశాఖ సముద్రతీరాన మనవాళ్ళు ఎం.బి.ఏ. పాఠాలు చదువుకుంటున్నారన్నమాట. ఇది మనం గర్వంగా చెప్పుకోదగిన విషయం.

టి.సి. అనే తాళం

ఆ రోజుల్లో రెండు డిగ్రీలు ఒకేసారి చదవడం అన్న ఆలోచనే రాకపోవడానికి కారణం చట్టం కన్నా ముందు ఒక కాగితం. దాని పేరు టి.సి. కాలేజీలో చేరేటప్పుడు ఒరిజినల్ టి.సి. ఇచ్చితీరాలి. ఒక మనిషికి ఒకే టి.సి. అది ఒక కాలేజీ బీరువాలోకి వెళ్ళిందంటే రెండో కాలేజీ తలుపు మూసుకున్నట్టే. దానికి తోడు హాజరు నిబంధన. క్లాసులో మనిషి ఉన్నాడా లేడా అన్నదే అసలు లెక్క. ఒక శరీరం రెండు బెంచీల మీద కూర్చోలేదు గనుక, ఒకరికి ఒక డిగ్రీ అన్న నియమం అందరికీ సహజంగానే తోచింది.

అయినా మనవాళ్ళు జోడు చదువులు చదవకుండా ఊరుకోలేదు. పగలు గుమాస్తా ఉద్యోగం, సాయంత్రం లా కాలేజి. పగలు బి.కాం., సాయంత్రం టైపు, షార్ట్‌హ్యాండు. ఇంకొంచెం పట్టుదల ఉన్నవారు బి.కాం. చదువుతూనే సి.ఏ.కో, ఐ.సి.డబ్ల్యు.ఏ.కో కట్టేవారు. సి.ఏ. ఇన్‌స్టిట్యూటు 1949లో చట్టం ద్వారా ఏర్పడినది. అక్కడ ఆర్టికల్స్ చేస్తున్న విద్యార్థి మరో కోర్సు చదవాలంటే ఇన్‌స్టిట్యూటు అనుమతి తీసుకోవాలి. అంటే తలుపు పూర్తిగా మూయలేదు, గొళ్ళెం మాత్రం పెట్టారు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఈ జోడు చదువుల్లో రెండూ ఒకే రకం కాదు. ఒకటి జ్ఞానం ఇచ్చే డిగ్రీ, రెండోది వృత్తి చేసుకునే అర్హత, లేదా చేతిలో పని. ఒకటి అన్నం అయితే రెండోది కూర. అన్నంలో అన్నం కలుపుకుని ఎవరూ తినలేదు.

తాళం వదులైన కాలం

మార్పు పోస్టు ద్వారా వచ్చింది. ఢిల్లీ యూనివర్శిటీ 1962లో కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో ఆ బాట పట్టింది. ఇంగ్లండులో ఓపెన్ యూనివర్శిటీ 1971లో మొదటి విద్యార్థులను చేర్చుకుని, ఇంట్లో కూర్చుని కూడా డిగ్రీ తెచ్చుకోవచ్చునని నిరూపించింది.

భారతదేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్శిటీ ఎక్కడ వచ్చిందంటే, మన హైదరాబాదులోనే. భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇప్పుడు అదే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం; 1991లో ఆ పేరు పెట్టారు. దాని మొదటి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రామ్‌రెడ్డి. కరీంనగర్ ప్రాంతం నుంచి వచ్చిన ఈ రాజనీతిశాస్త్ర ఆచార్యుడు అంతకుముందు ఉస్మానియాకు వైస్ ఛాన్సలర్. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అదే మనం ఇగ్నో అని పిలుచుకునేది, ఏర్పడినప్పుడు దానికీ ఆయనే వ్యవస్థాపక వైస్ ఛాన్సలర్. 1991 నుంచి 1995 దాకా యు.జి.సి. ఛైర్మన్. హైదరాబాదులో పుట్టిన నమూనా ఢిల్లీకి వెళ్ళి దేశమంతా పాకిందంటే అందులో అతిశయోక్తి లేదు.

ఇగ్నో 1987లో పాఠాలు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న రెండు కోర్సుల్లో ఒకటి మేనేజిమెంటు డిప్లొమా అన్నది మన కథకు ముఖ్యం. ఆ మొదటి ఏడాది రెండు కోర్సులకూ కలిపి చేరినవారు 4,528 మంది. ఉద్యోగం మానకుండా బిజినెస్ చదువు చదవాలనే ఆకలి ఎంత ఉన్నదో తర్వాతి సంవత్సరాలు చూపించాయి.

దూరవిద్య రావడంతో హాజరు లెక్క మాయమైంది. చాలా చోట్ల టి.సి. పట్టింపూ పోయింది. బెంచీ లేనప్పుడు రెండు బెంచీల సమస్య ఎక్కడిది? నియమం మాత్రం అలాగే ఉండిపోయింది. ఏడాది, ఆపైన వ్యవధి గల రెండు కోర్సుల్లో ఒకేసారి చేరడానికి ఇగ్నో సైతం ఒప్పుకోలేదు; డిగ్రీతో పాటు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు అయితే సరేనన్నది.

2012లో యు.జి.సి. ఈ విషయం పరిశీలించడానికి ఫుర్కాన్ ఖమర్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. రెగ్యులర్ డిగ్రీతో పాటు దూరవిద్యలో ఒక డిగ్రీ అనుమతించవచ్చునని కమిటీ అన్నది. వృత్తి విద్యా మండళ్ళు దానికి సుముఖత చూపలేదు. 2016 జనవరిలో యు.జి.సి. పాత పద్ధతే కొనసాగాలని చెప్పింది. 2019లో మరో కమిటీ వేశారు. ఈ మధ్యలో ఎంతోమంది ఉద్యోగస్తులు రెండింటిలో చేరనే చేరారు. వారి పట్టాలు చెల్లుతాయా లేదా అన్నది మాత్రం గాలిలో దీపం.

ఒమన్‌లో మన చదువులు

ఇక మనం ఉంటున్న గడ్డ సంగతి చూద్దాం. 1970కి ముందు ఈ దేశం మొత్తానికి మూడే పాఠశాలలు. సుమారు 900 మంది పిల్లలు, అందరూ మగపిల్లలే. ఆ ఏడాది సుల్తాన్ ఖాబూస్ పాలన మొదలైంది. పదహారేళ్ళలో, 1986లో, ఆయన పేరిట యూనివర్శిటీ తలుపులు తెరిచింది. అందులో 1993లో కామర్స్ కళాశాల ఏర్పడింది. 1995లో మజాన్ కాలేజితో ప్రైవేటు ఉన్నత విద్య మొదలైంది. 1996లో వచ్చిన మోడరన్ కాలేజి అమెరికాలోని మిస్సోరి యూనివర్శిటీతో చేయి కలిపింది. 2001లో సొహార్‌లో మొదటి ప్రైవేటు యూనివర్శిటీ వచ్చింది. విదేశీ యూనివర్శిటీతో ఒప్పందం పెట్టుకుని ఇక్కడే పాఠం చెప్పడం ఈ కాలేజీల్లో చాలావాటి పద్ధతి. అందుచేత రూవీలోనో, అల్ ఖువైర్‌లోనో కాపురం ఉంటూ బ్రిటిషు పట్టా సంపాదించే అవకాశం మనవాళ్ళకు కలిగింది.

మన ఇంజనీర్లు ఎం.బి.ఏ. వైపు ఎందుకు చూశారన్నది అర్థం చేసుకోవడం కష్టం కాదు. సైటులో ఎండకు పదేళ్ళు పనిచేసిన తర్వాత ఆఫీసు కుర్చీ మీదికి మనసు పోతుంది. దానికి తోడు ఒమనైజేషన్. 1988 నుంచీ ఉన్న ఈ విధానం ఏడాదికేడాది బలపడుతూ వచ్చింది. 2018 జనవరిలో 87 వృత్తులకు కొత్త వీసాలు ఆపారు. అందులో ఇంజనీర్లు, అకౌంటెంట్లు కూడా ఉన్నారు. ఇక్కడి పిల్లలకు ఇక్కడ ఉద్యోగాలు దొరకాలనడం న్యాయమే. కానీ రేపు ఇండియా వెళ్ళినా, మరో దేశం పోయినా పనికివచ్చే పట్టా ఒకటి చేతిలో ఉండాలన్న ఆరాటం మనకు అందుకే ఎక్కువ. ఇండియా ఉద్యోగానికి ఇండియా ఎం.బి.ఏ., గల్ఫు కంపెనీకి బ్రిటిషు ఎం.బి.ఏ. అన్న ఆలోచన ఆ ఆరాటంలోంచి పుట్టినదే. ఉద్యోగం వదులుకుని భర్త వెంట ఇక్కడికి వచ్చిన మన ఆడపడుచుల్లో కూడా చాలామందికి దూరవిద్య ఒక ఆసరా అయింది.

కష్టాలూ ఉన్నాయి. 2013 ఏప్రిల్ దాకా ఇక్కడ గురు, శుక్రవారాలు సెలవు. ఆ ఏడాది మే నుంచి శుక్ర, శనివారాలు. ఇండియాలో కాంటాక్ట్ క్లాసులు శని, ఆదివారాలు. ఆదివారం మనకు పనిదినం. గడియారం సంగతి సరేసరి. ఇండియాలో సాయంత్రం 7 గంటల ఆన్‌లైన్ క్లాసు మనకు 5.30కి. చలికాలంలో లండనులో రాత్రి 7 గంటల క్లాసు మనకు 11కి. ఒకటి ఇండియాది, ఒకటి ఇంగ్లండుది పెట్టుకున్నవారికి ఆఫీసు నుంచి రాగానే ఒక క్లాసు, పిల్లలు పడుకున్నాక ఇంకో క్లాసు!

2022లో మారిన నిబంధన

1982లో హైదరాబాదులో మొదలైన మార్పు సరిగ్గా నలభై ఏళ్ళకు ఒక కొలిక్కి వచ్చింది. అప్పటికి యు.జి.సి. ఛైర్మన్ ప్రొఫెసర్ ఎం. జగదీష్ కుమార్. ఆయన కూడా తెలుగువారే, ఉమ్మడి నల్గొండ జిల్లా మామిడాలకు చెందినవారు. 2022 ఏప్రిల్‌లో యు.జి.సి. మార్గదర్శకాలు ప్రకటించింది. వాటి సారాంశం ఇది. క్లాసుల వేళలు ఒకదానికొకటి అడ్డురాకపోతే రెండు రెగ్యులర్ కోర్సులు చేయవచ్చు. ఒకటి రెగ్యులర్, ఒకటి దూరవిద్య లేదా ఆన్‌లైన్ చేయవచ్చు. రెండూ దూరవిద్య లేదా ఆన్‌లైన్ అయినా ఫరవాలేదు. అయితే దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులు గుర్తింపు ఉన్న సంస్థలవే అయి ఉండాలి. పిహెచ్.డి.కి ఇది వర్తించదు. ఆయా వృత్తి మండళ్ళ నియమాలు, యూనివర్శిటీల సొంత నియమాలు యథాతథం.

ఇందులో ఒక ముల్లు ఉండిపోయింది. ఈ సదుపాయం ప్రకటన తేదీ నుంచే గాని వెనకటివారికి వర్తించదని అందులోనే రాశారు. దాంతో అంతకుముందు కష్టపడి రెండు పట్టాలు తెచ్చుకున్నవారికి ఉద్యోగాల్లో, ప్రమోషన్లలో చిక్కు తప్పలేదు. 2025 జూన్‌లో యు.జి.సి. ఈ ముల్లును తీసివేసింది. 2022కు ముందు ఒకేసారి చేసిన రెండు డిగ్రీలు కూడా, ఆ కాలపు నియమాలకు లోబడి చేసినవైతే, చెల్లుతాయని చెప్పింది. పాత సర్టిఫికెట్లను సూట్‌కేసు అడుగున దాచుకున్న మన సభ్యులు ఎవరైనా ఉంటే వాటిని ఒకసారి పైకి తీయవచ్చు.

విదేశీ పట్టాల దారి వేరు. వాటికి ఇండియాలో సమానత్వం ఇచ్చే విషయమై యు.జి.సి. 2025లో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. ఇక్కడి కాలేజీలో విదేశీ యూనివర్శిటీ పేరిట డిగ్రీ చేయదలచినవారు ఫీజు కట్టకముందే అది ఒమన్ ఉన్నత విద్యాశాఖ దృష్టిలోనూ, ఇండియాలోనూ ఏ కోవలోకి వస్తుందో తెలుసుకోవడం అవసరం. ఒక దేశం అనుమతించింది గదా అని రెండో దేశం ఒప్పుకోవాలని లేదు.

వారానికి గంటలెన్ని?

చట్టం తలుపు తెరిచింది. లోపలికి వెళ్ళాలా వద్దా అన్నది ఇప్పుడు మన ఇంటి ప్రశ్న. దూరవిద్యలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు అని లెక్క. రెండేళ్ళ ఎం.బి.ఏ.కి 80 క్రెడిట్లు అనుకుంటే 2,400 గంటలు. రెండేళ్ళకు 104 వారాలు. అంటే వారానికి 23 గంటలు. రెండు ఎం.బి.ఏ.లైతే 46 గంటలు. 2023 నాటి ఒమన్ కార్మిక చట్టం ప్రకారం వారానికి పని 40 గంటలు. మొత్తం 86. వారంలో ఉన్నవే 168 గంటలు. రోజుకు ఏడు గంటల నిద్రకు 49 తీసివేస్తే మిగిలేవి 33. స్నానం, భోజనం, ప్రయాణం, కూరగాయలు, పిల్లల హోంవర్కు, ఇంటికి ఫోను, అన్నిటికీ కలిపి రోజుకు అయిదు గంటలకు లోపే. ఒక్క ఎం.బి.ఏ. అయితే రోజుకు ఎనిమిది గంటలు మిగులుతాయి. ఆ తేడా మూడు గంటలూ ఎవరివి? భార్యవో, భర్తవో, పిల్లలవో. పట్టా మీద మాత్రం ఒక్కరి పేరే ఉంటుంది.

"రెండు ఎం.బి.ఏ.లలో సగం సబ్జెక్టులు ఒకటే కదండీ, అంత సమయం పట్టదు" అని మీరు అనవచ్చు. నిజమే. అకౌంటింగు, మార్కెటింగు, ఫైనాన్సు, స్టాటిస్టిక్సు, మనుషులతో పని చేయించే విద్య, ఇవి ఏ ఎం.బి.ఏ.లోనైనా ఉండేవే. అయితే సమయం సగమే పడుతున్నదంటే, రెండోసారి నేర్చుకునేదీ సగమేనన్నమాట. ఫీజు మాత్రం పూర్తిగా కట్టాలి.

పాశ్చాత్య బిజినెస్ స్కూళ్ళు ఈ సంగతి ముందే గ్రహించాయి. 1988లో ఐరోపాలో నాలుగు విద్యాసంస్థలు కలిసి సెమ్స్ అనే కూటమిని ఏర్పరచి, ఉమ్మడిగా మేనేజిమెంటు పట్టా ఇవ్వడం మొదలుపెట్టాయి. 2001లో న్యూయార్కులోని కొలంబియా, లండన్ బిజినెస్ స్కూలు కలిసి ఉద్యోగస్తుల కోసం ఎం.బి.ఏ. పెట్టాయి. అటువంటి ఉమ్మడి కోర్సులో సబ్జెక్టులు ఒక్కసారే చదువుతారు. పట్టాలో రెండు స్కూళ్ళ భాగమూ ఉంటుంది. చదివిందే మళ్ళీ చదవనక్కరలేదు. మన పిల్లలు విడివిడిగా చేరే రెండు కోర్సుల మధ్య అటువంటి ఒప్పందం ఉండదు.

చరిత్ర చెప్పే మాట

ఈ కథ అంతటిలో నాకు కనిపించేది ఒక్కటే. రెండు డిగ్రీలు వద్దన్న పాత నియమం బెంచీ మీద నిలబడినది. బెంచీ పోయాక అది నిలవలేదు, నిలవకపోవడమే న్యాయం. కానీ మన తాతలు, తండ్రులు చేసిన జోడు చదువులు నిలబడింది నియమం వల్ల కాదు. ఒకటి లేని లోటును ఇంకొకటి తీర్చింది గనుక. బి.కాం.కు సి.ఏ. తోడు, ఇంజనీరింగుకు ఎం.బి.ఏ. తోడు. ఎం.బి.ఏ.కి తోడుగా లా, స్టాటిస్టిక్సు, డేటా చదువు, లేదా ఒక వృత్తి సంస్థ పరీక్ష, ఇవి అన్నంలో కూర వంటివి. ఎం.బి.ఏ.కి ఎం.బి.ఏ. తోడు అనుకునేవారు మాత్రం, రెండో దానిలో మొదటి దానిలో లేనిది ఏముందో ఒక కాగితం మీద రాసి చూసుకోవాలి. ఆ కాగితం నిండితే నిశ్చింతగా చేరవచ్చు. నిండకపోతే ఆ ఫీజు రియాళ్ళు ఊళ్ళో అమ్మానాన్నల వైద్యానికో, పాప చదువుకో ఉంచుకోవడం మేలు.

ఇంట్లో ఈ మాట వచ్చినప్పుడు "మా కాలంలో ఒక్కటే" అని పెద్దలు కొట్టివేయవద్దు, అది టి.సి. కాలం నాటి మాట. "యు.జి.సి. ఒప్పుకుంది" అని పిల్లలూ పట్టుబట్టవద్దు, యు.జి.సి. ఇచ్చింది అనుమతి, గంటలు కాదు. ఇద్దరూ కూర్చుని, గుర్తింపు ఉందా, వేళలు కుదురుతాయా, రెండోది కొత్తది నేర్పుతుందా అని మూడు ప్రశ్నలు వేసుకుంటే సగం వాదన అక్కడే తీరిపోతుంది.

ఉగాది నాడు పంచాంగం వినేటప్పుడు మనం ముందుగా చెవి ఒగ్గేది మన రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అన్న దగ్గరే. చదువుకూ ఆ రెండు అంకెలూ ఉన్నాయి. ఆదాయం పట్టా చూడగానే కనబడుతుంది. వ్యయాన్ని ఇంటిల్లిపాదీ కలిసి లెక్క వేసుకోవాలి. సభ్యుల కుటుంబాలన్నింటికీ ఈ కొత్త సంవత్సరంలో మొదటి అంకె పెద్దదిగా, రెండోది చిన్నదిగా ఉండాలని కోరుకుంటూ, అందరికీ ఉగాది శుభాకాంక్షలు.